పూత అయిపోయిన చెట్టుకు నీళ్లు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తెలుగువాళ్ల మాట. మే నెలాఖరులో మొదలై జూన్ మొదటి వారం దాటేదాకా సాగే ఆ రెండు వారాల్లో మిద్దెతోట ఉన్న ఇల్లు అందరికంటే ముందు లేస్తుంది. ఐదున్నరకల్లా ఎవరో ఒకరు డాబా మెట్లెక్కుతారు. రాత్రంతా చల్లారినా శ్లాబు అరికాళ్లకు ఇంకా గోరువెచ్చగా తగులుతూనే ఉంటుంది. నిన్న మధ్యాహ్నం తల వేలాడేసిన సొరపాదు ఇప్పుడు ఆకులన్నీ విప్పుకుని నిలబడి ఉంటుంది. కుండీల మధ్య నడిచే ఆ మనిషి మొదట చేసే పని నీళ్లు పోయడం కాదు, చూడటం. ఏ కొమ్మ చిగురేసింది, ఏ పిందె నిలిచింది, ఏ ఆకు వెనక పిండినల్లి చేరింది అని ఒక్కో కుండీ దగ్గరా ఆగి చూసుకుంటూ వెళ్తారు. పైపు చేతికొచ్చేది ఆ తరవాతే.

వేసవి చివర తోట ఇచ్చేది తక్కువ. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి దిగకపోతే టమాటా పుప్పొడి పనిచేయదు. పూత నిండుగానే వస్తుంది, కాడతో సహా రాలిపోతుంది. మిరపదీ ఇంచుమించు అదే పరిస్థితి. కొత్తిమీర సరిగ్గా ఆకు పట్టకముందే పూతకొచ్చేస్తుంది. ఎండకు నిలబడేవి గోంగూర, తోటకూర, బచ్చలి, బెండ. అందుకే ఈ రోజుల్లో గుప్పెడు తోటకూర కోసుకుని కిందికి దిగినా ఆ పూట ఇంట్లో ఆ కూర గురించే మాట్లాడుకుంటారు.

సాయంత్రం బీరపువ్వు విచ్చుకుంటుంది. రెక్కల కింద బుల్లి పిందె ఉంటే అది ఆడపువ్వు, వట్టి కాడ ఉంటే మగపువ్వు. మూడో అంతస్తు డాబా మీదికి ఆ వేళకు పురుగులు వస్తాయో రావో తెలియదు కనుక చాలామంది ఆ పని తామే చేస్తారు. మగపువ్వును తుంచి, రెక్కలు వెనక్కి మడిచి, పుప్పొడిని ఆడపువ్వు నడిమధ్య మెల్లగా అద్దుతారు. రెండు మూడు రోజుల్లో పిందె పచ్చగా సాగితే కుదిరినట్టు, పసుపు తిరిగితే పోయినట్టు. ఆ మూడు రోజులూ డాబా మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగుతారో లెక్క ఉండదు. ఇక మల్లె సంగతి. ఎండ ముదిరే కొద్దీ అది ఇంకా పూస్తుంది. పొద్దు వాలాక మొగ్గలు కోసి, మాల కట్టి, తడిబట్టలో చుట్టి పెడితే దేవుడి పటానికో మూర, జడకో మూర, పక్కింటికో మూర.

ఇంత చిన్న చిన్న సంతోషాల నడుమ ఒక పెద్ద ప్రశ్న కూడా ఈ రోజుల్లోనే ఎదురవుతుంది. బడులకు సెలవులు, వైశాఖ జ్యేష్ఠాల్లో పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గర్నుంచి పిలుపులు, అన్నీ వేసవిలోనే కూడి వస్తాయి. తోట ఉన్న ఇంట్లో మాత్రం ప్రతి ప్రయాణం ముందూ ఒకే మాట: "మొక్కలకు నీళ్లెవరు పోస్తారు?" ఈ ఎండల్లో రెండు రోజులు నీళ్లు లేకపోతే గ్రో బ్యాగులో మట్టి అంచుల నుంచి విడిపోయి, ఇటుకలా గట్టిపడుతుంది. అందుకని పెళ్లికి వెళ్లి అదే రాత్రి తిరిగొచ్చేవాళ్లున్నారు. తీర్థయాత్ర మానుకునేవాళ్లున్నారు. అలాంటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట అంటారు: "మొక్కల మీద అంత మమకారం మంచిది కాదమ్మా. అదీ బంధమే."

ఆ మాటను పెద్దల చాదస్తం అని తోసేయడానికి లేదు. దాని వెనక భరతుడి కథ ఉంది.

భాగవతం ఐదో స్కంధంలో వస్తుందీ కథ. పోతన పేరు మీద ఉన్న తెలుగు భాగవతంలో ఆ స్కంధాన్ని తెలుగు చేసినవాడు గంగన. భరత చక్రవర్తి రాజ్యాన్ని కొడుకులకు పంచి ఇచ్చి, గండకీ తీరంలోని పులహాశ్రమానికి వెళ్లి తపస్సు చేసుకుంటూ ఉంటాడు. ఒకనాడు నీళ్లు తాగడానికి వచ్చిన నిండు చూలాలైన లేడి సింహం గర్జన విని బెదిరి ఏటి మీదుగా దూకుతుంది. కడుపులోని కూన జారి నీళ్లలో పడుతుంది. తల్లి చచ్చిపోతుంది. కొట్టుకుపోతున్న ఆ కూనను భరతుడు తీసుకొచ్చి పెంచుతాడు. గడ్డి తినిపిస్తాడు, తోడేళ్ల నుంచి కాపాడతాడు, భుజాన మోస్తాడు. క్రమంగా నియమాలు ఒక్కొక్కటే జారిపోతాయి. పూజ మధ్యలో లేచి అది ఎక్కడుందో చూసుకుంటాడు. చివరికి దాన్నే తలుచుకుంటూ ప్రాణం విడిచి, లేడిగా పుడతాడు. ఆ తరవాతి జన్మలో ఎవరితోనూ ఏ ముడీ పెట్టుకోని జడభరతుడు ఆయనే.

సామ్రాజ్యాన్ని వదలగలిగినవాడు ఒక లేడికూనను వదలలేకపోయాడు. ఈ కథలో ఉలికిపాటు అంతా అక్కడే ఉంది. మనిషిని పట్టి ఉంచేవి మేడలూ మాన్యాలూ అనుకుంటాం. రాజ్యమంటే భరతుడికి అది తనను పట్టుకునే వస్తువని ముందే తెలుసు, కాబట్టి జాగ్రత్తపడ్డాడు. కూన దగ్గర ఆ జాగ్రత్త లేదు, ఎందుకంటే అది దయ రూపంలో వచ్చింది. కుండీలో ఆరడుగులు పెరిగే నిమ్మచెట్టు కూడా అలాగే వస్తుంది. ఆ మాట అన్న పెద్దవాళ్లకు తెలిసింది ఇదే.

అయితే కథను కాస్త ఆగి చదివితే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఏట్లో కొట్టుకుపోయే ప్రాణిని ఎత్తుకోవడం తప్పని భాగవతం ఎక్కడా అనదు. అనాథను పెంచడం తప్పనీ అనదు. భరతుడి మనసు లేడి అవసరం దగ్గర ఆగకుండా "నాది" అనే చోటికి జారడం దగ్గరే కథ మలుపు తిరుగుతుంది. కూన పెరిగింది, తన కాళ్ల మీద తాను అడవిలో తిరుగుతోంది. దానికి భరతుడి అవసరం తీరిపోయింది. భరతుడికి మాత్రం దాని అవసరం తీరలేదు. కాసేపు కనిపించకపోతే దాన్ని తోడేలు తిన్నదేమో, పులి తిన్నదేమో అని అల్లాడినది ఆ దశలోనే.

భారతం ఆశ్వమేధిక పర్వంలో కృష్ణుడు ధర్మరాజుకు ఈ తేడానే చెబుతాడు. "మమ", అంటే నాది, అనే రెండక్షరాల్లో మృత్యువుందని, "న మమ", నాది కాదు, అనే మూడక్షరాల్లో శాశ్వతమైనది ఉందని ఆయన మాట. అక్కడితో ఆగడు. భూమండలమంతా చేతిలో ఉన్నా నాది అనే భావం లేనివాణ్ని ఆ భూమి ఏమీ చేయలేదంటాడు. అడవిలో ఉండి, అడవి దుంపలు తిని బతికేవాడు కూడా తన దగ్గరున్న నాలుగు వస్తువుల మీద మమత పెట్టుకుంటే మృత్యువు నోట్లో ఉన్నట్టేనంటాడు. అంటే లెక్క వస్తువుల సంఖ్యలో లేదు. రెండు వందల కుండీలున్న మిద్దె మీద ఆ మమత లేకపోవచ్చు. ఒక్క తులసి కుండీ ఉన్న బాల్కనీలో ఉండవచ్చు.

ఈ మాట ధర్మశాస్త్రంగా వింటే దూరంగా ఉంటుంది. డాబా మీద మధ్యాహ్నం రెండు గంటలకు నిలబడితే దగ్గరికొస్తుంది.

ఆ వేళకు వంగ, సొర, దోస ఆకులన్నీ వాలిపోయి ఉంటాయి. అది ప్రతిసారీ దాహం కాదు. వేళ్లు తోడగలిగినదానికంటే వేగంగా ఆకుల నుంచి నీరు ఆవిరవుతున్నప్పుడు మొక్క ఆకులను వాల్చేస్తుంది. దానివల్ల ఎండ సోకే వైశాల్యమూ తగ్గుతుంది. పొద్దు వాలితే అదే లేస్తుంది. కొత్తగా తోట పెట్టినవాళ్లు ఇది చూసి తట్టుకోలేరు. బకెట్టు తెచ్చి పోసేస్తారు. సాయంత్రం మళ్లీ పోస్తారు, పొద్దున ఎలాగూ పోస్తారు. మట్టిలో గాలి ఉండాల్సిన సందులన్నీ నీటితో నిండిపోతాయి. వేళ్లకు ఆక్సిజన్ అందదు, కుళ్లడం మొదలవుతుంది. వేరు కుళ్లిన మొక్క కూడా నీళ్లు తోడలేక తల వాల్చేస్తుంది, చూడ్డానికి అచ్చం దాహంతో ఉన్నట్టే. అది చూసి కంగారుపడి ఇంకో చెంబు పోస్తారు. రోహిణి కార్తెలో కుండీ మొక్కలు ఎండకే చచ్చిపోతాయనుకుంటారు కానీ, అనుభవం ఉన్నవాళ్లను అడిగితే ఇలా నీళ్లెక్కువై పోయిన మొక్కల పేర్లు వరసగా చెబుతారు. వాళ్ల పద్ధతి చాలా మామూలుది. చూపుడు వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దింపుతారు. తడి తగిలితే చెంబు పక్కన పెట్టేస్తారు. మండుటెండలో వాలిన మొక్క పక్కన చెంబు పట్టుకుని, పోయకుండా నిలబడటానికి ఎంతో నిగ్రహం కావాలి. ఆ నిగ్రహంలో ప్రేమ తక్కువేమీ కాదు. అక్కడ మనిషి తన భయాన్ని కాకుండా మొక్కను చూస్తున్నాడు.

భరతుడి కథకు ఎదురుగా నిలబెట్టదగిన కథ ఒకటి సంస్కృత నాటకంలో ఉంది. విచిత్రమేమిటంటే అదీ ఎండాకాలంలోనే జరుగుతుంది. కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలం ప్రస్తావనలోనే నటి గ్రీష్మాన్ని పాడుతుంది. దుష్యంతుడు ఆశ్రమంలోకి అడుగుపెట్టాక మొదట చూసేది మొక్కలకు నీళ్లు పోస్తున్న ముగ్గురమ్మాయిలను. కణ్వుడికి నీకంటే ఈ చెట్లే ఎక్కువ ఇష్టమల్లే ఉంది, లేకపోతే ఇంత సుకుమారివైన నీ చేత పాదులు నింపిస్తాడా అని అనసూయ అంటుంది. నాన్న చెప్పాడని మాత్రమే కాదు, నాకూ వీటి మీద తోబుట్టువుల మీద ఉన్నంత ప్రేమ ఉందని శకుంతల జవాబు. ఈ నాటకాన్ని కందుకూరి వీరేశలింగం తెలుగు చేశారు. ఆ సన్నివేశం తెలుగు చదువరులకు తరాలుగా పరిచయమే.

నాటకానికి వేరు వేరు పాఠాలున్నాయి. బెంగాల్ వైపు ప్రచారంలో ఉన్న పాఠంలో అక్కడే ఒక చిన్న మాట అదనంగా ఉంటుంది. వేసవిలో పూసే చెట్లన్నిటికీ నీళ్లు పోయడం అయిపోయింది, ఇక పూసే కాలం దాటిపోయిన వాటికి కూడా పోద్దాం, ఏమీ ఆశించకుండా చేసే పని కనుక అందులోనే ధర్మం ఎక్కువ అని చెలికత్తె శకుంతలతో అంటుంది. ఎవరూ దాని మీద చర్చించరు. నాటకం ముందుకు వెళ్లిపోతుంది. గీత చెప్పిన నిష్కామ కర్మకు భాష్యాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటికంటే బిందె చంకన పెట్టుకున్న ఓ అమ్మాయి పనిలో పనిగా అన్న ఈ మాట స్పష్టంగా ఉంటుంది. ఫలం అనే మాటకు తెలుగులో పండు అనీ ఫలితం అనీ రెండర్థాలున్నాయి. తోటలో ఆ రెండూ ఒకటే. పండు కోసం నీళ్లు పోసే రోజులు ఎలాగూ ఉంటాయి. పూత రాలిపోయి, పండు రాదని తెలిసిన టమాటా మొక్కకు రోహిణి కార్తెలో పోసే చెంబెడు నీళ్లు ఏ ఖాతాలోవి? ఎండ తగ్గాక మళ్లీ పూస్తుందన్న ఆశ కొంత ఉండొచ్చు. అది లేకపోయినా పోసేవాళ్లే ఎక్కువ. ప్రాణం ఉంది కదా అంటారు, అంతే.

ఆ ప్రేమ శకుంతలను కట్టిపడేయలేదు. నాలుగో అంకంలో ఆమె అత్తింటికి బయలుదేరుతుంది. మీకు నీళ్లు పోయకుండా తాను ఒక్క గుక్క తాగనిది, అలంకారం ఇష్టమైనా ఒక్క చిగురు తుంచనిది, మీ తొలి పూతను పండగలా చూసుకున్నది వెళ్తోంది, సెలవివ్వండి అని కణ్వుడు చెట్లనే అడుగుతాడు. ఆమె వనజ్యోత్స్న అని పేరు పెట్టుకున్న తీగను కౌగిలించుకుంటుంది. దాన్ని ఇద్దరు చెలికత్తెల చేతుల్లో పెడుతుంది. కాళిదాసు అక్కడ వాడిన మాట నిక్షేపం, అంటే నమ్మి అప్పగించిన సొమ్ము. తాను పెంచిన లేడిపిల్ల కొంగు పట్టి లాగుతుంది. ఏడుస్తుంది. వెళ్తుంది. అడవిలో ఉండే నాకే ఇంత దుఃఖంగా ఉంటే, కూతుళ్లను పంపే సంసారులకు ఎలా ఉంటుందో అని ముని కూడా గొంతు పూడుకుపోయి అంటాడు. ఆ దుఃఖాన్ని కాళిదాసు లోపంగా చూపలేదు. భరతుడికీ ఒక లేడి, శకుంతలకూ ఒక లేడి. ఒకరు మరణంలో కూడా విడవలేదు, ఇంకొకరు కన్నీళ్లతో నిమిరి ముందుకు నడిచారు. ప్రేమ ఇద్దరిదీ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుందో వెతకాల్సింది చేతుల్లో. ఒకరి చేతులు మూసుకున్నాయి, ఇంకొకరివి అప్పగించగలిగాయి.

అప్పగించడం ఎంత కష్టమో తిరుమలకు బాగా తెలుసు.

రామానుజులు శ్రీరంగంలో శిష్యులను అడిగారట, తిరుమల కొండకు వెళ్లి స్వామికి పూలతోట వేసి పుష్పకైంకర్యం చేసేవారెవరని. అప్పటి తిరుమలంటే చలి, అడవి, మృగాలు. అనంతాళ్వారు ఒక్కరే లేచి నిలబడ్డారు. కొండ మీద తోట వేశారు. దానికి నీళ్ల కోసం చెరువు తవ్వడం మొదలుపెట్టారు. ఆయన తవ్వుతుంటే నిండు గర్భిణి అయిన భార్య మట్టి తట్టలు మోసేది. ఒక కుర్రవాడు వచ్చి సాయం చేస్తానన్నాడు. ఆళ్వారు ఒప్పుకోలేదు. ఈ సేవ తమదే, ఇంకొకరి చెయ్యి పడకూడదని ఆయన పట్టుదల. కుర్రవాడు ఆయన కంటపడకుండా ఆమె చేతిలోని తట్ట అందుకుని మోస్తున్నాడని తెలిసి కోపంతో గడ్డపార విసిరారు. అది వాడి గడ్డానికి తగిలింది. తీరా గుడిలోకి వెళ్తే మూలవిరాట్టు గడ్డం నుంచి నెత్తురు. స్వామి గడ్డం మీద పచ్చకర్పూరం పెట్టే ఆచారానికి మూలం ఇదేనని చెప్తారు. ఆ గడ్డపారను ఇవాళ్టికీ మహాద్వారం దగ్గర చూడవచ్చు. దర్శనానికి వెళ్లే రద్దీలో తల పైకెత్తేవాళ్లు తక్కువ.

ఈ కథను భక్తుడి అమాయకత్వానికి, భగవంతుడి వాత్సల్యానికి గుర్తుగా చెప్పుకుంటారు. అది నిజమే. తోట పెంచేవాళ్లకు అందులో ఇంకో పొర ఉంది. ఆళ్వారు పూలను ఒక్కటీ తనకు ఉంచుకోలేదు. తిరుమల కొండ మీద పూచే పువ్వంతా స్వామిదేనని, ఆడవాళ్లు సైతం అక్కడ తలలో పూలు పెట్టుకోరు. ఫలం మీద ఆయనకు ఆశ లేదు. అయినా గడ్డపార లేచింది. ఎందుకంటే ఫలాన్ని వదిలినవాడు పనిని వదలలేదు. "పువ్వు స్వామిదే, తవ్వడం మాత్రం నాది" అన్నచోట మమ మిగిలిపోయింది. నిష్కామ కర్మ గురించి ఆలోచించేవాళ్లు సాధారణంగా ఫలం దగ్గరే ఆగుతారు. నేనే చేయాలి, నేనైతేనే సరిగ్గా చేస్తాను అనే పట్టు అంతకంటే లోతుగా పాతుకుని ఉంటుంది. పక్కింటివాళ్లకు తాళం చెవి ఇచ్చి, ఏ కుండీకి ఎన్ని చెంబులో కాగితం మీద రాసి ఇచ్చి, ఊరి నుంచి రోజుకు రెండుసార్లు ఫోన్ చేసే ప్రతి తోటమాలికీ ఆ పట్టు తెలుసు.

దాన్ని సడలించుకునే మార్గాలు కూడా తోటలోనే పుట్టాయి. బకెట్టు నీళ్లలో నూలు ఒత్తి ఒక కొస వేసి, రెండో కొస కుండీ మట్టిలో గుచ్చితే నీరు ఒత్తి వెంట పాకుతూ వస్తుంది. దీపానికి నూనె ఎక్కే తీరే ఇది. పెద్ద తొట్టెల్లో కాల్చిన మట్టికుండను మూతి దాకా పాతి, నీళ్లు నింపి మూత పెడితే కుండ గోడల్లోంచి అవసరమైనంతే ఊరుతుంది. శివలింగం మీది ధారాపాత్రలో నీరు అడుగు చిల్లులోంచి చుక్క చుక్కగా పడుతుంది. ఒడిశాలో, బెంగాల్‌లో వైశాఖమంతా తులసి మొక్కకు పైన చిల్లుకుండ వేలాడదీస్తారు. మనిషి పక్కన లేకపోయినా నీరు ఆగకూడదన్న ఆలోచన డ్రిప్ పైపుల కంటే చాలా పాతది.

మరి ఈ సంతోషాల మాటేమిటి? బీర పిందె నిలిచిందని కలిగే ఆనందం, మల్లెమొగ్గ కోసేటప్పటి ఆనందం ఆత్మవిచారంలో దాటి పోవాల్సిన మెట్లేనా? తైత్తిరీయోపనిషత్తు ఆనందవల్లిలో ఆనందాన్ని కొలిచే ప్రయత్నం ఒకటి ఉంది. మంచి యవ్వనం, చదువు, బలం, సంపదతో నిండిన భూమండలం మొత్తం, ఇవన్నీ ఉన్న యువకుడి ఆనందాన్ని ఒక కొలతగా పెట్టుకుంటుంది. దానికి నూరు రెట్లు మనుష్య గంధర్వుడిది, దానికి నూరు రెట్లు దేవ గంధర్వుడిది, అలా పితృదేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి మీదుగా బ్రహ్మ దాకా పెంచుకుంటూ పోతుంది. పై మెట్టు ప్రతిదాని పక్కనా ఒకే మాట చేరుస్తుంది: వేదం తెలిసి, కోరిక దెబ్బ తగలనివాడికి కూడా ఈ ఆనందం అంతే ఉంటుందని. ఇక్కడ గమనించాల్సినవి రెండు. మనిషి ఆనందాన్ని ఉపనిషత్తు సున్నా అని పక్కన పడేయలేదు. లెక్క దానితోనే మొదలైంది, పైవన్నీ దాని రెట్లే. రెండోది, ఎక్కువ ఆనందానికి దారి ఎక్కువ సొంతం చేసుకోవడం కాదని ప్రతి మెట్టు మీదా మళ్లీ మళ్లీ చెప్పింది. ఆ లెక్కన మల్లెమొగ్గ బంధం కాదు. పక్కింటి గోడ మీద పూసిన మల్లెను చూసినప్పుడు కూడా అదే సంతోషం కలుగుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష. మిద్దెతోటల వాళ్లలో చాలామంది ఆ పరీక్ష నెగ్గుతారు. విత్తనాలు కాగితం పొట్లాల్లో కట్టి పంచడం, మంచి కాయను కోయకుండా విత్తనానికి వదిలేసి దాన్ని పది ఇళ్లకు పంపడం వాళ్ల మామూలు అలవాటు. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివార్లలో తన ఇంటి మీద మిద్దెతోట పెంచి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసి పంచారు. విత్తనం పొట్లం కట్టడం లాంటిదే అదీ.

అమెరికాలోని తెలుగువాళ్లకు వేసవి చివర అంటే ఆగస్టు, సెప్టెంబరు. అక్కడి పెరటి తోటలో ఇదే ప్రశ్న ఇంకా కఠినంగా ఉంటుంది. న్యూజెర్సీలో మే నెలలో నాటిన గోంగూర, సొర, దోస సెప్టెంబరుకు కంచె దాటి పెరుగుతాయి. అక్టోబరులోనో నవంబరులోనో ఒక్క రాత్రి మంచు పడితే తెల్లారేసరికి అన్నీ ఉడికించిన ఆకుల్లా నల్లబడిపోతాయి. ఎర్ర గోంగూర పగలు కురచయ్యేదాకా పూయదు. పూసి, కాయ ముదిరి, గింజ చేతికొచ్చేలోపు చాలా ఏళ్లు మంచే ముందు వస్తుంది. కరివేపాకు కుండీని ఒక్కదాన్ని లోపలికి తెచ్చుకుని కిటికీ పక్కన పెట్టుకుంటారు. మిగతావాటికి తేదీ రాసిపెట్టి ఉన్నట్టే. అది తెలిసి కూడా సెప్టెంబరు సాయంత్రాల్లో ఆఫీసు నుంచి రాగానే బూట్లతోనే పెరట్లోకి వెళ్లి నీళ్లు పెడతారు.

జూన్ రెండో వారానికి తెలుగునేల మీద మృగశిర వస్తుంది. ఎక్కడో ఒక సాయంత్రం మబ్బు పట్టి, గాలి తిరిగి, నాలుగు పెద్ద చినుకులు వేడి శ్లాబు మీద పడి ఆవిరవుతాయి. మట్టి వాసన లేస్తుంది. షేడ్ నెట్ కింద కొన్ని నెలలుగా ఖాళీగా కనిపించిన కుండీలోంచి మే పుష్పం తల బయటపెడుతుంది. ఆకు ఇంకా సరిగా రాకముందే ఎర్రటి బంతిలా పూస్తుంది. ఏమీ లేదనిపించిన ఆ మట్టికి నెలల తరబడి ఎవరో అప్పుడప్పుడు నీళ్లు చిలకరిస్తూ వచ్చారు కనుకే దుంప బతికి ఉంది.

ఆ రోజుల్లోనే బ్రహ్మకమలం మొగ్గ తొడుగుతుంది. హిమాలయాల్లోని అసలు బ్రహ్మకమలం వేరు. తెలుగిళ్ల కుండీల్లో ఆ పేరుతో పెరిగేది మెక్సికో, మధ్య అమెరికా అడవుల నుంచి వచ్చిన జెముడు జాతి మొక్క. రాత్రి ఎనిమిది తొమ్మిదింటికి విడటం మొదలై, అర్ధరాత్రికి పూర్తిగా విచ్చుకుని, తెల్లారేసరికి వాడిపోతుంది. మొగ్గ ఆ రాత్రి విడుతుందని తెలిస్తే వీధిలో నలుగురినీ పిలుస్తారు. పసుపు కుంకుమ పెడతారు, హారతి ఇస్తారు, పిల్లలు నిద్ర ఆపుకుని కూర్చుంటారు.

ఏడాదంతా ఆ మొక్కను సాకిన మనిషి సరిగ్గా ఆ రాత్రే ఊళ్లో లేకపోవడం అరుదేమీ కాదు. వాయిదా వేయలేని పెళ్లి ఏదో వచ్చి ఉంటుంది. నీళ్లు పోయడానికి తాళం తీసుకున్న పక్కింటివాళ్లు డాబా ఎక్కి, పువ్వు విచ్చుకోవడం చూసి, తమ పిల్లలను లేపి, కింది అంతస్తువాళ్లను పిలిచి, పన్నెండు దాకా అక్కడే కూర్చుంటారు. ఫోటోలు పంపుతారు. మర్నాడు ఉదయం రైలు దిగి వచ్చిన ఇంటావిడ సంచి గడపలోనే పెట్టి నేరుగా పైకి వెళ్తుంది. పువ్వు కాడ మీదే తల వాల్చి, తెల్లగా, మెత్తగా వేలాడుతూ ఉంటుంది. పక్కింటి చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చి, "ఆంటీ, రాత్రి ఎంత పెద్దగా పూసిందో తెలుసా" అని రెండు చేతులూ చాచి చూపిస్తుంది. ఇంకా ఎంత పెద్దగా, వాసన ఎలా ఉంది, మొదట ఎవరు చూశారు అని ఆమె అడుగుతూనే మట్టిలోకి వేలు దింపి చూస్తుంది. పైన ఆరిపోయి ఉంది. గోడ వారనున్న చెంబు అందుకుని, పూత అయిపోయిన ఆ కుండీలో నీళ్లు పోస్తుంది.